మారుతండ్రి ఎప్పుడవుతాడంటే

పెనుకొండ నుంచి హిందూపురం వచ్చే బస్సులు మనుషులను ఎంత ఆలస్యంగా తెచ్చినా, తేకుండా మాత్రం ఉండవు. వాటి మీద నాకున్న ఫిర్యాదు అదే. మా చిన్నాయన ఏడాదికోసారి ఆ బస్సులోనే వచ్చి, అంగట్లోంచి నాలుగు బెల్లం అచ్చులు పట్టుకుని పోయేవాడు.

అంగడి మా నాయనది. కన్న నాయన, అంటే చిన్నాయనకు అన్న, నాకు ఆరేళ్లప్పుడే పోయాడు. చెల్లెలు అప్పటికి పాలు తాగే పిల్ల. రెండేళ్లకు అమ్మ మారుమనువు చేసుకుంది. వచ్చినాయన బజారులో బెల్లం, చింతపండు అమ్మేవాడు. ఆయన్నీ నాయనా అనే పిలిచాం. మారుతండ్రి అనే మాటను నేను కాలేజీకి పోయాక పుస్తకాల్లో చూశాను. వాటిలో ఆయన ఎప్పుడూ పిల్లల్ని కొడుతూ ఉండేవాడు. మా ఇంట్లో ఆయనకు అంత తీరిక ఉండేది కాదు.

మా బంధువులకు ఆ మాట చదువు లేకుండానే వచ్చు. ఎక్కడ వాడాలో కూడా తెలుసు. చెల్లెలు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్లూ ఆయన ‘మీ నాయన’. శుభకార్యం అనగానే మారుతండ్రి.

చెల్లెలికి ధర్మవరం సంబంధం కుదిరింది. చెప్పులరిగేలా తిరిగి కుదిర్చింది నాయనే. పెళ్లికి ముందురోజు దిగిన చిన్నాయన, కొత్త తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మారుమనువు జంట పెళ్లికొడుకు కాళ్లు కడగకూడదనీ, రక్తసంబంధం కాబట్టి కన్యాదానం పీట తనదేననీ తేల్చాడు. మా రక్తం ఆయనకు గుర్తు రావడం అదే మొదలు. పెద్దలు శాస్త్రం చూసినట్టే తలలూపారు.

నాయన కూర్చోకపోతే ఆ పెళ్లి తనకు పెళ్లే కాదంది చెల్లెలు నాతో. చూస్తాలే అన్నాను. బి.ఏ. చదివినవాణ్ని, చూడడం వరకు బాగానే వచ్చు.

నాయన గొడవ పడే రకం కాదు. “పెద్దోళ్లు చెప్తాండారు గదప్పా, నేను వంటకాడ చూసుకుంటాలే” అని పెరట్లోకి పోయాడు. అమ్మ తలుపు వెనక్కి పోయింది.

మరుసటి రోజు పురోహితుడు కన్యాదాతను పిలిచాడు. చిన్నాయన చిన్నమ్మను పక్కన పెట్టుకుని పీట మీద సర్దుకుని కూర్చుని, కాళ్లు కడిగే చెంబు కోసం చెయ్యి చాపాడు. చెల్లెలు ఆ చెంబును తన ఒళ్లోకి లాక్కుంది. ముహూర్తం దాటిపోతుందని చిన్నాయన నవ్వుతూ బుజ్జగించబోయాడు.

చెల్లెలు తలెత్తి ఆయన్నే చూసింది.

“నేనెప్పుడన్నా నీ ఇంట్లో ఉంటినా చిన్నాయనా, నువ్వు నన్ను ఇచ్చేకి?”