కాలు తగిలిన మ్యాచ్

పెళ్ళి భోజనాల్లో బఫే వచ్చాక నాకు గుత్తివంకాయ కూర దొరకడం మానేసింది. వరసలో నిలబడతాను. వెనకనుంచి ఎవరో "కాస్తండి" అంటూ మోచేత్తో ఎంతో మర్యాదగా జరుపుతారు. నేను జరుగుతాను. గిన్నె దగ్గరికి చేరేసరికి అందులో గరిటె మిగిలి ఉంటుంది. ఇలాంటి నేను ఒకప్పుడు, మనుషుల్ని ఒళ్ళుపెట్టి ఆపడమే పనిగా ఉన్న ఆట ఆడానంటే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు. "ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు గానీ, మోకాళ్ళు మాత్రం అప్పుడే ఆ మాట అంటున్నాయి.

డిగ్రీ అయిన కొత్త. కడియంలో ఒక నర్సరీ ఆఫీసులో ఉద్యోగం. ఏ లారీలో ఏ మొక్కలు ఏ రాష్ట్రానికి వెళ్ళాయో కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. ఉండేది రాజమండ్రిలో, ఓ అద్దె గదిలో. ఇంటావిడ కోడల్ని అక్కా అని పిలిచేదాన్ని. పగలంతా వాళ్ళ ఇనప సామాన్ల కొట్లో కూర్చుని, "ఏం కావాలండీ" అంటూ మేకులూ గొళ్ళేలూ అమ్మే నెమ్మది మనిషి. ఓ వేసవి సాయంత్రం సరదాగా రమ్మని స్కూటీ మీద ఊరి చివర రైస్ మిల్లుకి తీసుకెళ్ళింది. అక్కడ ధాన్యం ఆరబెట్టే సిమెంటు గచ్చు, రబీ ధాన్యం పని ముగిసింది గనక ఖాళీగా ఉంది. దాని మీద ముగ్గుపిండితో గీసిన గుండ్రటి బాట. అక్క హెల్మెట్ పెట్టుకుని చక్రాల బూట్లు తొడుక్కుంది. (గచ్చు మీద చెప్పులతో అడుగు పెట్టనివ్వని వాచ్‌మన్ ఈ బూట్లకి మాత్రం అడ్డు చెప్పలేదు. చక్రాలున్నది చెప్పు కాదట, బండి అట. ఆ వాదంలో తప్పు ఎక్కడుందో నేను ఈనాటికీ కనిపెట్టలేదు.)

పెళ్ళికి ముందు విశాఖలో నేర్చుకుందట. నడుం వంచి, ఒక చెయ్యి వెనక్కి విసురుతూ కదిలింది. మలుపు దగ్గర, గాలికి వాలిన అరటిచెట్టులా నేలవైపు ఒరిగింది. ఇక విరిగిపోయిందే అనుకునేలోగా నిటారుగా లేచి నా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ గాలికి నా చున్నీ కదిలింది. నేను నోరు మూసుకోవడం మర్చిపోయాను. దోమలున్న చోటు కూడాను.

ఆ ఆట పేరు రోలర్ డెర్బీ. రెండు జట్లూ గుండ్రంగా తిరుగుతాయి. ఒక్కో జట్టులో ఒకామె హెల్మెట్ మీద నక్షత్రం ఉంటుంది. ఆమె అవతలి జట్టులో ఎంతమందిని దాటితే అన్ని పాయింట్లు. మిగతావాళ్ళు ఆమెను భుజంతోనో తుంటితోనో ఆపాలి. దీనికో లీగ్ కూడా ఉంది. లీగ్ అంటే పెద్దగా ఊహించుకోకండి, మేమూ భీమవరమూ నరసాపురమూ, అంతే. పుట్టినప్పట్నుంచీ పక్కకి జరుగుతూ వచ్చిన నాకు, ఒక్కసారైనా ఒక మనిషిని ఆపాలని మహా కోరిక పుట్టింది. వేసవంతా గచ్చు మీద అన్ని కోణాల్లోనూ పడ్డాను. చివరికి అక్క కనికరించి, నరసాపురం మ్యాచ్‌లో దింపుతాననీ, నిలబడితే జట్టులో ఉంచుతాననీ, లేకపోతే లేదనీ చెప్పేసింది.

మ్యాచ్ మహా మర్యాదగా సాగింది. "తప్పుకోండి" అని ఒకరంటే "తప్పుకోనండి" అని ఇంకొకరు. ఆఖరి రౌండుకి మేము కాస్త ముందున్నాం. అక్క ఒక్క భుజంతో ఇద్దర్ని గీత దాటించింది. అదే భుజం మీదికి పొద్దున మేకుల సంచి ఎత్తుకోలేక కుర్రాణ్ణి పిలిచిందని నాకు తెలుసు. ఇంతలో నరసాపురం నక్షత్రం నామీదకి వచ్చింది. ఇంట్లో లేసులు అల్లే ఆవిడ. మనిషి సూదిలా ఉంటుంది, సందు దొరికితే దూరిపోతుంది. నేను కళ్ళు మూసుకుని తుంటి అడ్డం పెట్టాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ కింద ఉంది.

నేను ఒక మనిషిని ఆపాను. ఆ విషయం నాకు పూర్తిగా ఎక్కకముందే నా బూటు ఆవిడ భుజానికి తగిలింది. కాలు తగిలితే ఏం చెయ్యాలో మా నాయనమ్మ నాకు మాటలు రాకముందే నేర్పింది. ఠక్కున వంగి, ఆవిడ భుజం ముట్టుకుని, చేతిని భక్తిగా కళ్ళకద్దుకున్నాను. ఆవిడా పద్ధతిగా పెరిగిన మనిషే కాబోలు, "అయ్యో, పర్లేదండి" అంటూ లేచింది. లేచి, నేను వంగినచోట ఏర్పడిన ఖాళీలోంచి వెళ్ళిపోయింది. ఆ చుట్టులోనే మా జట్టునంతా దాటేసింది. మ్యాచ్ పోయింది.

మర్నాడు ప్రాక్టీసులో అక్క నీళ్ళ సీసాల సంచి నా చేతికిచ్చింది. చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

లీగ్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కకి చెంపల దగ్గర నెరిసింది, అయినా మలుపులో అలాగే ఒరుగుతుంది, నేను గచ్చు అంచున నిలబడి అలాగే నోరు తెరుస్తాను. మొన్నొక సాయంత్రం సీసా అందిస్తూ, ధైర్యం చేసి అడిగేశాను: "ఒక్క మ్యాచ్ ఆడించక్కా. ఇప్పుడైతే ఎవరికి కాలు తగిలినా ఆగను."

అక్క నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తాపీగా నీళ్ళు తాగి, మూత బిగించింది.

"తగలాలంటే ముందు నువ్వు వాళ్ళని అందుకోవాలి కదే."