అక్క పెట్టెలో నా రాకెట్

చాలా ఏళ్లుగా ఒక మాట దాచుకున్నాను. పూజకు కూర్చున్నప్పుడల్లా అది మరింత బరువవుతుంది. స్వామికి ఎలాగూ తెలుసు. మనుషుల్లో మీకే మొదట చెబుతున్నాను. మంచిదాన్నని మీ చేత అనిపించుకోవడానికి మాత్రం కాదు.

మాది వనపర్తి. నేను బడికి పోలేదు. అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది. ఆమెను తలుచుకొని రోజూ దండం పెట్టుకుంటాను. పెళ్లయ్యాక నేనూ, నేను అక్కా అని పిలిచే మా తోటికోడలూ ఇంటి దగ్గరే ఒక పని పట్టుకున్నాం. పట్నంలో ఒకాయన బడులకూ దుకాణాలకూ చిన్న రాకెట్ నమూనాలు చేయించేవాడు. వాటి ప్లాస్టిక్ ముక్కలు చట్రానికి అంటుకొని ఉన్నవి ఉన్నట్టే మాకు పంపేవాడు. చట్రంలోంచి ముక్కను కత్తిరించాలి, అంచు నున్నగా రుద్దాలి, చిన్న పట్టకారుతో పట్టుకొని అతికించాలి. మంట వచ్చే గొట్టాలు, రెక్కలు, గోరంత నిచ్చెన. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చుక్క ఎక్కువైతే ముక్క పాడు. నా వేళ్లు వణకవు, అది స్వామి దయ. అక్కవి తొందర చేతులు. ఆమె చేసిన ప్రతి రాకెట్ మీదా ఎక్కడో ఒకచోట బొటనవేలి ముద్ర పడేది.

అక్కకు ఎడమ చెవి వినపడదు. పుట్టుకతో వచ్చింది కాదు. మా బావ చెయ్యి.

ఒకసారి ఆ యజమాని కబురు పంపాడు. పట్నంలో తన దగ్గరే ఉండి పనిచేసే మనిషి కావాలట, గది కూడా ఇస్తాడట, ఎవరికి వాళ్లు ఒక్కో రాకెట్ పూర్తిగా చేసి పంపాలట. అక్క బీచుపల్లి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. ఆమె చేసిన రాకెట్‌ను చూశాను. దాన్ని ఎవరూ మెచ్చరు. అక్కకు రాయడం రాదు కాబట్టి పెట్టెల మీద పేర్లు నేనే రాయాలి. నా రాకెట్ ఉన్న పెట్టె మీద ఆమె పేరు రాశాను. ఆమె రాకెట్ ఉన్న పెట్టె మీద నా పేరు.

పిలుపు ఆమెకే వచ్చింది. జీతం వస్తుందని బావ అడ్డుచెప్పలేదు. పట్నం పోయిన అక్క మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ పట్నం పనే కాపురం కూల్చిందని అత్త ఇప్పటికీ తిడుతుంది. పని కూల్చలేదు. నేను కూల్చాను. దీనికి తల వంచను. మళ్లీ ఆ పెట్టెలు నా ముందు పెట్టండి, మళ్లీ అలాగే రాస్తాను. స్వామి అడిగినా ఇదే చెబుతాను.

తల వంచాల్సింది వేరే ఉంది.

మొక్కు తీర్చుకున్న మరుసటేడు అక్క నన్ను మళ్లీ బీచుపల్లికి పిలిచింది. ప్రదక్షిణలు చేస్తూ మధ్యలో ఆగింది.

“చెల్లె, నా చెయ్యి ఖరాబైందే.”

“ఏమైందక్కా?”

“ఇంట్ల ఎంత మంచిగ చేసి పంపిన! ఆడ గట్ల వస్తనే లేదు. అతికించే పని తీసేసి డబ్బాలు కట్టుమన్నరు. ‘ఆ రాకెట్ నువ్వే చేసినవా, యాడన్న కొట్టుకొచ్చినవా’ అని ఒకామె నవ్వుతది.”

అక్క గుడి వైపు తిరిగి దండం పెట్టింది.

“మొక్కుల ఏం తప్పు చేసిన్నో. ఇచ్చిన గుణం స్వామి వాపస్ తీస్కున్నడు. తప్పు కాయమని ఇంకిన్ని సుట్లు తిరుగుత. నువ్వు జర కూసో, నీకు మోకాళ్లు నొస్తయి.”

కూర్చున్నాను. చేయని తప్పుకు ఆమె క్షమాపణ చెప్పుకుంటూ తిరుగుతుంటే, తప్పు చేసిన నేను నీడలో కూర్చొని ఆమె చెప్పులు కాపలా కాశాను. అప్పుడే ఎందుకు చెప్పలేదు? తన చేతి పనే తనను ఆ ఇంట్లోంచి బయట పడేసిందన్న ఒక్క నమ్మకం మీద ఆమె నిలబడి ఉంది, దాన్ని లాగేస్తే ఏం మిగులుతుంది అనుకున్నాను. నిజంగా అదేనా? లేక చెబితే నన్ను చెల్లె అని పిలవదేమోనన్న భయమా? రెండూ కావచ్చు. ఆమె ఏటా వస్తుంది. ఏటా తిరుగుతుంది. ఏటా నేను కూర్చుంటాను.

ఆమెను ఆ ఇంటి నుంచి దాటించినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆమె చేతుల మీద, ఆమె దేవుడి మీద ఆమెకే అనుమానం పుట్టించాను. అదే నా తప్పు. అక్క చేతులు చెడిపోలేదు. స్వామి ఏదీ ఇచ్చి వాపసు తీసుకోలేదు. ఆ రాకెట్ నాది.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ క్షమ ఇవ్వాల్సింది మీరు కాదు. కానీ రాసేశాను. ఇక ఇది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కాదు.