కుడివైపు వెనక షాకబ్జర్

ఆ షెడ్డులో నన్ను ఎవరూ ఇష్టపడలేదు. నేనూ ఎవరినీ ఇష్టపడలేదు. ఆటోమొబైల్ డిప్లొమా చేతపట్టుకుని వరంగల్‌లో ఏడాది తిరిగాక దొరికిన పని అది. లారీ అడ్డా పక్కన రేకుల కప్పు, డీజిల్ తాగి నల్లబడిన నేల. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. జీవితమంతా లారీల కమాన్ పట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు, విప్పి బిగించిన మనిషి. చదువుకున్నవాడు కనపడితే ఆయనకు ఒళ్లు మండేది. నన్ను పేరు పెట్టి ఒక్కనాడూ పిలవలేదు. "ఇంజినీరు సాబ్" అనేవాడు, అదీ పక్కకు తిరిగి ఉమ్మేసి.

అయినా నన్ను ఉంచుకున్నాడంటే ఒక్క కారు వల్ల. పత్తి మిల్లు సేటు ఒకాయన బొంబాయిలో ఎవరి దగ్గరో పాత జపాను కారు కొన్నాడు. ఉస్తాద్ దాని బానెట్ ఎత్తి, వైర్లు చూసి, చప్పుడు చేయకుండా దించేశాడు. సేటు మిల్లు లారీలన్నీ ఆ షెడ్డుకే వస్తాయి కనుక ఈ ఒక్క బండిని కాదనడానికి లేదు. దానికోసం నేను. ఆ కారు మీద నా చెయ్యి ఉన్నంత కాలమే నాకు అక్కడ చోటు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కారులో గేరు పక్కన ఒక మీట ఉండేది. సాఫ్ట్, హార్డ్, ఆటో, ఏది పెడితే దాని పక్కన చిన్న దీపం వెలుగుతుంది. గ్లవ్ బాక్సులో దొరికిన ఇంగ్లీషు పుస్తకం మూడుసార్లు చదివి, ఆ మీట ఏం చేస్తుందో నా నోటుబుక్కులో రాసుకున్నాను. గుంతలో పడిన బండి స్ప్రింగుల మీద ఊగుతుంటే ఆ ఊపును ఆపేది షాకబ్జర్. లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు. నూనె ఎంత కష్టపడి ఆ రంధ్రాల్లోంచి దూరితే బండి అంత బిగుసుకుంటుంది. మామూలు కారులో ఈ సంగతి ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది. ఈ కారులో అది డ్రైవరు వేలి కింద ఉంది. పిస్టన్ కడ్డీ బోలుగా ఉంటుంది. ఆ బోలులో ఇంకో సన్నని కడ్డీ, దాని తలమీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద మోటారు. మీట సాఫ్ట్‌కు తిప్పితే మోటారు ఆ సన్నని కడ్డీని కొద్దిగా తిప్పుతుంది, అదనపు రంధ్రాలు తెరుచుకుంటాయి. హార్డ్‌కు తిప్పితే మూసుకుంటాయి. ఆటోలో పెడితే సీటు కింది డబ్బా ఒకటి వేగం, స్టీరింగ్, బ్రేకు చూసుకుని నాలుగు మోటార్లకూ తానే ఆజ్ఞ పంపుతుంది.

సేటు తల్లికి ఆ యేడు పెద్ద జబ్బు చేసి తగ్గింది. ఆమె బరువుకు సమానంగా మేడారం అమ్మలకు బంగారం, అంటే బెల్లం, సమర్పిస్తామని మొక్కుకున్నారు. జాతరకు ముందు కారు చెకింగుకు వచ్చింది. నేను పద్నాలుగు అంశాల జాబితా రాసుకున్నాను. పనంతా అయిపోయి, చివరి అంశం పక్కన టిక్కు పెడుతుండగా ఉస్తాద్ వచ్చాడు.

"గింత జేసినవ్ గని, గా మీట ఉత్తదే ఇంజినీరు సాబ్. బుగ్గ ఎలుగుతది, గంతే. లోపల ఏం తిరుగుతాందో ఎవ్వడు జూసిండు?"

"చూపిస్త, రాండ్రి," అన్నాను.

డిక్కీ తెరిచాను. వెనక చక్రాల పైన రెండు గుబ్బలుంటాయి. ఆ గుబ్బల నెత్తిన, రబ్బరు టోపీ కింద మోటారు. కుడివైపు టోపీ పీకి, లాకులో తాళంచెవి తిప్పి, షెడ్డు కుర్రాడితో మీట కదిపించాను. టిక్. కడ్డీ తిరిగింది. ఉస్తాద్ వంగి చూసి, వేలితో కడ్డీని తట్టాడు. తర్వాత అడిగాడు.

"మరి గిది తిరుగకుంటె బుగ్గ ఆరిపోతదా?"

"ఆరదు. బుగ్గ మీటను జూసి ఎలుగుతది. మోటరు తిరిగిందా లేదా దానికి తెల్వది."

"సర్కారోళ్ల లెక్క. ఆర్డరేసుడే గని, పనైందా అని జూసుడు లేదు," అని ఉమ్మేసి పోయాడు.

ఆయన నోరు మూయించానన్న సంతోషంలో డిక్కీ దబాలున మూశాను. బరువుతో పోతున్నారు కాబట్టి మీట హార్డ్‌లో ఉంచమని సేటుకు చెప్పి పంపాను.

జాతర నుంచి వచ్చిన మర్నాడు సేటు కారును షెడ్డులోకి తెచ్చి, దిగకుండానే అరవడం మొదలుపెట్టాడు. వెనక సీటులో ఆయన తల్లి నడుము పట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చేటప్పుడు మీట మెత్తగ పెట్టిన అంటడు బిడ్డా మావోడు," అన్నదామె నాతో. "ఎడమ దిక్కు కూసుంటె సుకం. కుడి దిక్కు కూసుంటె రోట్లేసి దంచినట్టున్నది."

"ఎల్లుండి అమ్మను హైదరాబాద్ దవాఖానకు తీస్కపోవాలె," అన్నాడు సేటు. "రేపు మాపటి వరకు బండి గావాలె. కాకుంటె నువ్వు మళ్ల ఈ షెడ్డుల కనపడద్దు."

"గా వైర్లన్ని కోసి పారేస్త సేటూ, జీపు షాకబ్జర్లు ఏస్త," అన్నాడు ఉస్తాద్. ఆయన గొంతులో ఆశ వినపడింది.

"ముందుగాల వీన్ని చూడనియ్," అన్నాడు సేటు.

వాళ్లు పోయాక తాళంచెవి తిప్పి, కుర్రాడితో మీట కదిపించాను. మూడు మూలల నుంచి టిక్ వినపడింది. కుడివైపు వెనక నుంచి ఏమీ లేదు. దీపం మాత్రం సాఫ్ట్ దగ్గర నిక్షేపంగా వెలుగుతోంది. ఫ్యూజు, వైరు, ప్లగ్గు వరసగా చూస్తూ సగం పూట పోగొట్టుకున్నాను. మూడూ బాగానే ఉన్నాయి. అప్పుడు డిక్కీలో చీమలు కనపడ్డాయి. షెడ్డు గోడ నుంచి బారుగా వచ్చి, బంపర్ ఎక్కి, డిక్కీలోకి దిగి, కుడివైపు గుబ్బ మీదికి పోతున్నాయి. ఎడమ గుబ్బ వైపు ఒక్కటీ లేదు.

"జపాన్ కంపూటర్ల చీమలు జొచ్చినయట!" అని ఉస్తాద్ అడ్డాలో ఉన్న డ్రైవర్లందరినీ పిలిచి చూపించాడు. వాళ్లు టీ గ్లాసులతో వచ్చి నిలబడి నవ్వారు. ఒక్కొక్కడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

మోటారు విప్పాను. పళ్లచక్రాల నిండా గోధుమరంగు పాకం, గట్టిపడి గాజులా మెరుస్తోంది. కడ్డీ హార్డ్‌లో ఇరుక్కుని ఉంది. దానికి జపాను నుంచి ఏ సామానూ తెప్పించక్కరలేదు. టీ బండి దగ్గర వేడినీళ్లు తెచ్చి ఆ చక్రాలను కడిగాను, ఎండలో ఆరబెట్టాను, చుక్క నూనె వేశాను. మర్నాడు మధ్యాహ్నానికి టిక్ అంది. నాలుగు మూలలనూ నొక్కి చూశాను, నాలుగూ ఒకేలా లేచాయి.

సాయంత్రం సేటు తల్లితో వచ్చాడు. "ఏమైండె?" అన్నాడు.

"బెల్లం పాకం పోయింది లోపలికి."

సేటు మొహం మారింది. "ఏమంటాన్నవ్? అమ్మల బంగారం మీదికి నెడ్తవా?"

"తడి ఎట్ల తగిలిందవ్వా?" అని ముసలమ్మను అడిగాను.

"వాగుల తానం జేసి తడిబట్టలు డిక్కీల గా బెల్లం మూటల మీదనే ఏసినం బిడ్డా. ఇంకేడున్నది జాగ? ఆ రోజు గద్దెల కాడికి పోనియ్యక పాయె జనం. తెల్లారిందాంక గట్లనే ఉన్నయ్."

"మరి ఎడమ దిక్కు కూడ మూటలుండె గద," అన్నాడు సేటు. "దానికెందుకు పోలే?"

సరైన ప్రశ్న. దానికి జవాబు నాకు అప్పటిదాకా తోచలేదు. ఎడమ మోటారుకు రబ్బరు టోపీ ఉంది. కుడిదానికి లేదు.

ఉస్తాద్ నా బల్ల దగ్గరికి నడిచి, నేను వాషర్లు వేసుకునే నల్లటి గిన్నె ఎత్తి, వాషర్లన్నీ నేల మీద పారబోసి, తెచ్చి సేటు చేతిలో పెట్టాడు. చాలా రోజులుగా నేను రోజూ వేళ్లు పెట్టిన గిన్నె. అది గిన్నె కాదు, టోపీ.

"గిదేంది ఇంజినీరు సాబ్? నీ కాయిదంల లేదా?"

లేదు. పద్నాలుగు అంశాల్లో టోపీ లేదు. జాబితా ముగిశాక ఉస్తాద్ కోసం పీకింది కాబట్టి అందులోకి ఎక్కలేదు. ఒప్పుకుంటే సరిపోయేది. కానీ నాకు లెక్క సరిగ్గా చెప్పాలన్న రోగం ఉంది.

"టోపీ పెట్టకపోవుడు నా తప్పు," అన్నాను. "తడిబట్టలు ఏసుడు మీ తప్పు. రెంటిట్ల ఒక్కటి లేకున్న ఇది కాకపోతుండె."

సేటు టోపీని నా కాళ్ల దగ్గర విసిరాడు. "ఇగ నా బండి మీద చెయ్యెయ్యకు." ముసలమ్మ ఏదో అనబోయింది. "నువ్వూకో అమ్మా," అన్నాడు. టోపీ ఏరి, దాని స్థానంలో బిగించి, డిక్కీ మూసింది ఉస్తాద్.

ఉస్తాద్ నన్ను వెళ్లగొట్టలేదు. అంతకన్నా ఆయనకు నచ్చింది చేశాడు. మర్నాటి నుంచి నాకు లారీల కమాన్ పట్టలు. ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బోల్టు. మీట లేదు, దీపం లేదు.

వానల్లో ఆ కారు వెనక షాకబ్జర్లు రెండూ నూనె కారాయి. ఉస్తాద్ వాటిని పీకి, కోరుకున్నట్టే జీపువి బిగించాడు, వైర్లు కోసి టేపు చుట్టాడు. ముందువైపు, డబ్బా, దీపం ముట్టుకోలేదు. దీపం ఎందుకు ఆరదో ఆయనకు చెప్పింది నేనే.

కారు తీసుకుపోవడానికి సేటు తల్లితో వచ్చిన రోజు నేను నర్సంపేట లారీ కింద పడుకుని ఉన్నాను. సేటు మీట తిప్పి, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాడు.

"ఏమున్నది ఉస్తాద్! వెన్న లెక్క పోతాంది."

"ఏం వెన్నరా," అన్నది ముసలమ్మ వెనక సీటులోంచి. "అప్పుడు ఒక్క దిక్కే దంచుతుండె. ఇప్పుడు రెండు దిక్కులా దంచుతాంది."

"సాఫ్ట్ బుగ్గ ఎలుగుతాంది గదనే అమ్మా. నీ నడుమే మంచిగలేదు."

ఉస్తాద్ లారీ కిందికి వంగి నన్ను చూశాడు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. నా చెయ్యి ఆ బండి మీద పడకూడదన్నాడు సేటు. నా మాట సంగతి చెప్పలేదు. ముసలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి షెడ్డంతా వెతుకుతోంది, నా కోసమే అయి ఉంటుంది. నేను పానా బోల్టుకు తగిలించి బలంగా తిప్పాను. కారు పోయేదాకా తిప్పుతూనే ఉన్నాను. ఆ బోల్టు అంతకుముందే బిగిసింది.