మరిది వంతు రక్తం

తర్లగూడ దాటి భోపాలపట్నం వైపు వెళ్లే రోడ్డు పక్కన నాదో చాయ్ హోటలు. తెలంగాణ లారీలు ఆగుతాయి, బస్సు ఆగుతుంది, పని లేనివాళ్లు అసలు కదలరు. అందుకే ఎవరింటి కబురైనా ముందు నా బెంచీ మీదికే వస్తుంది. నా చెల్లెలి ఇంటి కబురు మాత్రం నా నోట ఎప్పుడూ బయటికి పోలేదు. నాకు నోరు ఎక్కువని ఊరంతా అంటుంది, అననీ. ఆ ఒక్క మాట మాత్రం కడుపులోనే దాచుకున్నాను.

ఏమిటంటే, చెల్లెలి కూతురికి సికిల్ జబ్బు. రక్తంలో పుట్టుకతో వచ్చేది. చలి పెరిగినా, కాస్త జ్వరం తగిలినా పిల్ల కాళ్లూ చేతులూ పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. మందులు జీవితాంతం వాడాలన్నారు దవాఖాన వాళ్లు. పిల్లకు మాత్రం వాతమని, పెద్దయితే పోతుందని చెప్పాం.

"దానికి జర తెలివి రానీ అక్కా, నేనే చెప్త. ఒళ్లో కూసోబెట్టుకొని చెప్త. అప్పటిదాంక ఊళ్లె ఎవ్వలకు తెల్వొద్దు" అంది చెల్లెలు.

తెలిస్తే రేపు ఆ పిల్లను ఎవరడుగుతారు? ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు, అనుకోవలసిన పనీ లేదు.

ఆ రోజుల్లోనే ఊరందరికీ ఈ జబ్బు కోసమే రక్తపరీక్ష పెట్టారు. అది మిర్చి కాలం. మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఊళ్లో సగం మంది మగవాళ్లతో కలిసి మిర్చి ఏరడానికి గోదావరి అవతలికి పోయాడు. మా ఊళ్లో ఒక పద్ధతుంది. బాట బాగుచేయాలన్నా, చెరువు కట్ట పోయాలన్నా ఇంటికొక మనిషి రావాలి. ఇంటాయన లేకపోతే అన్నో తమ్ముడో ఆయన పేరు మీద వస్తాడు, వంతు చెల్లిపోతుంది. రక్తానికీ అంతేననుకున్నాడు చెల్లెలి బావగారు. పొద్దున తన పేరు మీద ఒక చెయ్యి ఇచ్చాడు. మధ్యాహ్నం మళ్లీ పోయి, "ఇది మా తమ్ముని వంతు, రాసుకోండ్రి" అని రెండో చెయ్యి ఇచ్చాడు. తమ్ముడికి ఏ దోషమూ లేదని కార్డు వచ్చింది. మేము నవ్వుకున్నాం. ఎంత మంచి బావ అనుకున్నాం కూడా.

తర్వాత సర్పంచ్ చనిపోయింది. ఉప ఎన్నిక వచ్చింది. చెల్లెలు నిలబడతానంది. నొప్పులొచ్చిన పిల్లను సైకిల్ వెనక కట్టుకుని గుంతల దారిలో దవాఖానదాకా తోసుకుంటూ పోయిన మనిషి అది. మా ఊరికి దవాఖాన బండి రప్పించాలని దాని పంతం. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవంటారు. గుర్తులు లేకపోతేనేం, ఈ పార్టీ జీపులు ఒక సందులో, ఆ పార్టీ జీపులు ఇంకో సందులో!

ఒకరోజు ఎదుటి పార్టీవాడు నా బెంచీ మీదే కూర్చుని, నా చాయే తాగుతూ, నలుగురికి ఫోను చూపిస్తున్నాడు.

"ఈ బీమారి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తేనే పిల్లకు వస్తదంట. తండ్రి కార్డు చూడుండ్రి, సాఫ్ ఉన్నది. మరి పిల్ల ఎవలదో?"

వాళ్లు పళ్లు బయటపెట్టి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి చేతిలో గ్లాసు లాక్కుని చాయ్ రోడ్డు మీద పారబోశాను. "లే! నా బెంచీ మీంచి లే, నీ నోట్లె మన్నుపడ!" అన్నాను. దవాఖానలో ఉండాల్సిన పిల్ల కార్డూ, తండ్రి కార్డూ వీడి ఫోన్లోకి ఎలా వచ్చాయని తర్వాత ఎందరిని అడిగినా ఒక్కడూ నోరు విప్పలేదు.

కబురంది మరిది వచ్చేశాడు. బావగారు ఊరి పెద్దల ముందు నిలబడి, ఆ రక్తం నాదేనయ్యా అని మొత్తుకున్నాడు. తమ్ముడి పరువు కోసం అబద్ధమాడుతున్నాడన్నారు. అప్పుడు చెల్లెలి వైపు పార్టీ నాయకుడు వచ్చి, మరిదికి ఒక్క జాంచ్, అదే రక్తపరీక్ష, చేయిస్తే అందరి నోళ్లూ మూతపడతాయన్నాడు.

పరీక్షకు పోయే ముందు మరిది నా హోటలుకు వచ్చాడు. చాయ్ ముట్టలేదు.

"వదినా, జాంచ్ల ఏమొస్తదంటవు?"

"ఏమొస్తదేంది? నీ పిల్ల, నీ రక్తం."

"అవును గదా" అన్నాడు. కానీ నా ముఖంలోకి చూడలేదు. పొయ్యి పక్కన పిండి కలుపుతున్న చెల్లెలు అంతా వింది. చెయ్యి ఆపలేదు. ఆ రోజు దాన్ని చూసి నాకు ఎంత ఏడుపొచ్చిందో, దాని ముందు ఏడవకూడదని వెనక కట్టెల దగ్గరికి పోయాను.

ఫలితం వచ్చింది. మరిది రక్తంలో సగం దోషం ఉంది. ఒక ఆడది తన మొగుడి రక్తంలో దోషం ఉందని విని దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అప్పుడే చూశాను. కాగితం ఊరి పెద్దలకు చూపిస్తే చాలునని, పిల్ల మాట ఎక్కడా రాకూడదని చెల్లెలు నాయకుడిని బతిమాలింది.

"నీ మీదొట్టు చెల్లెమ్మా" అన్నాడు ఆయన, దాని తల మీద చెయ్యిపెట్టి.

చెల్లెలు గెలిచింది, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఎందుకు గెలిచిందో కూడా చెబుతాను. ఆయన ఒట్టుపెట్టిన మర్నాడు పొద్దున్నే మైకు కట్టిన ఆటో ఒకటి మా రోడ్డు మీదికి వచ్చింది. అందులోవాడు ముందు హిందీలో, తర్వాత తెలుగులో, ఆ తర్వాత మా అడవి ఊళ్లలో మాట్లాడే దోర్లీలో చెప్పాడు. మా అభ్యర్థి మీద పడ్డ నింద అబద్ధం, తండ్రిలో సగం, తల్లిలో సగం, ఇదిగో రుజువు, జీవితాంతం పోని సికిల్ జబ్బున్న బిడ్డను మోస్తున్న ఈ తల్లికి మీ ఓటు. వినేవాళ్లకు జాలి కలిగేలా, గొంతు వణికించి మరీ చెప్పాడు.

పిల్ల నా హోటల్లోనే ఉంది. పకోడీ తింటోంది. మూడు భాషలూ దానికి వచ్చు.

చప్పుడు వినగానే పోయి ఆటోకి అడ్డం నిలబడ్డాను. వాడు నా పక్కనుంచి తిప్పుకుని పోయాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల పకోడీ కాగితంలో పెట్టేసి కూర్చుంది.

"పెద్దమ్మా, జీవితాంతమంటే ఎంతదాంక?"

ఇంత నోరున్న నేను, చల్లారిన పకోడీ తీసి మళ్లీ దాని చేతిలో పెట్టాను.

కాసేపటికి చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా లేవు. పిల్లను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంది, ఎప్పుడో నాతో అన్నట్టే. జుట్టు సవరించింది. కొంగుతో దాని మూతి తుడిచింది.

"బిడ్డా, నీకో మాట చెప్పాలె."

"నాకెర్కనే అమ్మా. మైకుల చెప్పిండ్రు గదా" అంది పిల్ల.