చీటీలో నాలుగో వాక్యం

నిన్న ఒంగోలు వెళ్తుంటే మార్టూరు దాటాక బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను మూత ఎత్తగానే వేడిగాలితో పాటు ఆ వాసన వచ్చింది. పుల్లగా, గొంతులోకి గరుగ్గా దిగే బ్యాటరీ ఆసిడ్ వాసన. నేను ముందు వరుసలో ఆడవాళ్ళ సీట్లో, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. బ్యాటరీ కదలకుండా ఉండాలని డ్రైవరు ఒక పాత గుడ్డను ఉండ చుట్టి పక్క సందులో కూరడం చూశాను. ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. అందులో సగం ఒక మనిషి మీద, మిగతా సగం నా మీద.

రాహేలమ్మ గారి గురించి చెప్పకుండా ఆ కోపం గురించి చెప్పలేను. చిలకలూరిపేటలో ట్రంకు రోడ్డు పక్కన, జిన్నింగు మిల్లుకు ఎదురుగా ఒక రేకుల షెడ్డులో ఆమె బ్యాటరీ షాపు ఉండేది. లారీల బ్యాటరీలకు చార్జింగు పెట్టడం, చెడిపోయినవి విప్పి లోపలి సీసపు పలకలు మార్చడం ఆమె పని. భర్త దగ్గర నేర్చుకున్నారు. ఆయన పోయాక ఒక్కరే నడిపారు. ఏ చీర కట్టినా కుచ్చిళ్ళ దగ్గర ఆసిడ్ చిల్లులుండేవి. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర ఒక్కటే వాటికి దక్కలేదు. ఎస్సెల్సీ పాసైన ఏడాది నేను అక్కడ పనికి చేరాను. మా నాన్న ఎదుటి మిల్లులో కాటా దగ్గర గుమస్తా. మనుషులతో మాట్లాడాలంటే నాకు భయం. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు మాట్లాడేదాన్ని. రాతపని కదా, నోరు తెరవనక్కర్లేదని చేరాను. అక్కడే పొరబడ్డాను.

ఆ షాపుకు ఒక పద్ధతి ఉండేది. బయటికి వెళ్ళే ప్రతి బ్యాటరీకి ఒక చీటీ కట్టాలి. ఏం చేయాలో, ఏం చేయకూడదో రాహేలమ్మ గారు చెప్తారు, నేను రాస్తాను. రాస్తే సరిపోదు. తీసుకెళ్ళే మనిషికి పైకి చదివి వినిపించాలి. అది అయ్యేదాకా బ్యాటరీ గడప దాటకూడదు. నేను చదువుతుంటే లారీ డ్రైవర్లు నవ్వేవారు. "ఏవండీ రాహేలమ్మ గారూ, ఈ పిల్ల చీటీ చదువుతోందా, దేవుడికి మొక్కుకుంటోందా?" అని ఒకతను అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వైపు తిరిగి తన ఎడమకన్ను చూపించారు. అది పూర్తిగా తెల్లబడి ఉండేది.

"నీళ్ళలో ఆసిడ్ పొయ్యాలి గానీ, ఆసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు. తెలిసినవాళ్ళు నలుగురు నా పక్కనే ఉన్నారు. ఆడదానికి మనం చెప్పేదేంటని మొహమాటపడ్డారు. మొహాన చిమ్మింది. నీ మొహమాటం నీ ఇంట్లో పెట్టుకో. ఇక్కడ గట్టిగా చదువు."

ఆ ఎండాకాలం మిల్లు యజమాని గారి అబ్బాయి కొత్త కారుతో వచ్చాడు. అందరూ చినబాబు అనేవారు. ఎర్రటి విదేశీ కారు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఒంగోలు పొగాకు షావుకారు గారి అబ్బాయితో సింగరాయకొండ దాకా పందెం వేసుకున్నాడట. బరువు తగ్గాలని స్టెప్నీ తీయించాడు, బంపర్లు ఊడదీయించాడు. ఇక బ్యాటరీ మీద పడ్డాడు.

"ఇదొక్కటే ధాన్యం బస్తాలా ఉంది రాహేలూ. ఎంత తేలికది ఉంటే అంత తేలికది పెట్టు. మోటారు సైకిలు బ్యాటరీలు రెండు కలిపి పెట్టలేవూ?"

తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్దామెను అలా పిలిచాడు. ఆమె అది విననట్టే కారు చుట్టూ తిరిగారు. మిల్లు డ్రైవరు మస్తాన్‌తో స్టార్టరు నొక్కించి, లైట్లు ఎంత మసకబారుతున్నాయో చూశారు. ఇంజను వేడిమీద ఉన్నప్పుడు మళ్ళీ నొక్కించారు.

"మోటారు సైకిలు బ్యాటరీలు ఈ ఇంజన్ని తిప్పలేవండీ. బరువంతా సీసానిది. సీసం తగ్గిస్తే బరువు తగ్గుద్ది, దాంతోపాటు దమ్మూ తగ్గుద్ది. దేన్ని వదులుకుంటారో ముందది చెప్పండి. పగటిపూట పందేనికైతే లైట్లు అక్కర్లేదు. పదమూడు పలకలున్న చోట తొమ్మిది పెట్టి చిన్న డబ్బాలో చేసిస్తాను. బరువు మూడోవంతు తగ్గుద్ది."

"నువ్వు మామూలుదానివి కాదే!" అన్నాడు చినబాబు.

చిన్న డబ్బా కాబట్టి కారులోని పాత అరలో చుట్టూ సందు మిగులుతుంది. దానికోసం ఆమె చెక్క చట్రం చేయించి, కరిగిన మైనంలో ముంచి ఆరబెట్టారు. పైన ఇనుప పట్టీ. "బరువు సీసంలో తగ్గించుకోవచ్చు, పట్టులో తగ్గించకూడదు" అని నాతో అన్నారు. చీటీలో నాలుగు వాక్యాలు రాయించారు.

తీసుకెళ్ళే రోజు ఆమె లోపల ఆసిడ్ కలుపుతున్నారు. బయట చినబాబు, మస్తాన్, నేను. మస్తాన్‌కు చదువు రాదు. నేను మొదలుపెట్టాను. ఇనుప పట్టీ బిగించకుండా బండి కదపకూడదు. ఇంజను ఆపి లైట్లు వేసి ఉంచకూడదు. ఒకసారికి స్టార్టు కాకపోతే అదేపనిగా స్టార్టరు నొక్కకూడదు.

"చాల్లేమ్మా! కాటా గుమస్తా కూతురివి కదూ నువ్వు? పురాణం బాగానే చదువుతున్నావు."

చినబాబు నా చేతిలోంచి చీటీ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. మస్తాన్ మాత్రం ఇంకా నా నోటి వైపే చూస్తున్నాడు. నేను తల దించుకున్నాను. నాలుగో వాక్యం చదవలేదు.

పందెం రోజున కారు ఒంగోలు కూడా చేరలేదు. దారిలో పొగ వచ్చింది. మస్తాన్ దిగి బానెట్ ఎత్తేసరికి బ్యాటరీ చుట్టూ మంట. అతను మండుతున్నదాన్ని రెండు చేతులతో లాగి పారేశాడు. అది దూది.

మర్నాడు మిల్లు ఆఫీసుకు రాహేలమ్మ గారినీ నన్నూ పిలిపించారు. కుర్చీలో పెద్ద యజమాని, పక్కన చినబాబు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని మా నాన్న.

"నీ బ్యాటరీ వల్ల మా కారు తగలబడింది. ఏమంటావ్?" అన్నారు యజమాని.

"కారు సంగతి తర్వాత మాట్లాడదామండీ. మస్తాన్ చేతులు చూశారా? నేనిచ్చిన చెక్క చట్రం ఏమైంది?"

"అదో బరువు. తీయించేశాను" అన్నాడు చినబాబు. "దాని బదులు దూది కూరించాం. మా మిల్లు నుంచి అద్దాలు పంపినా దూదిలోనే పంపుతాం. ఒక్కటి పగలదు. దూదికి బరువేముంటుంది?"

"దూది ఆసిడ్ పీల్చుద్ది, ఒక్క నిప్పురవ్వకు అంటుకుద్ది. కూరొద్దని చీటీలో రాయించాను. చదివి వినిపించాం."

"మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు చినబాబు.

ఆమె నా వైపు తిరిగారు. "చదివావు కదమ్మా?"

చదవబోతుంటే ఆపేశారని చెప్పాలి. ఒక్క ముక్క. చినబాబు నవ్వుతూ నన్నే చూస్తున్నాడు. నాన్న నేల చూస్తున్నాడు. నేనూ నేల చూశాను.

రాహేలమ్మ గారికి అర్థమైంది. ఆ ఒక్క కన్నుతో నన్ను కాసేపు చూసి, యజమాని వైపు తిరిగారు. "పూర్తిగా చదవకుండా పంపాం. ఆ తప్పు నాది. చట్రం తీసేసిన తప్పు మీది. నాది ఒప్పుకున్నాను. మీది మీరు ఒప్పుకోండి."

వాళ్ళు ఒప్పుకోలేదు. మిల్లు లారీల బ్యాటరీలు మా షాపుకు రావడం మర్నాటి నుంచే ఆగిపోయింది. మిల్లును చూసి మిగతావాళ్ళూ మానేశారు. మా నాన్న ఉద్యోగం నిలిచింది. ఏడాది తిరక్కుండానే ఆ షెడ్డు మూతపడింది.

ఆ రోజు మిల్లు నుంచి బయటికొచ్చి రోడ్డు దాటుతూ ఆమె అడిగారు. "ఎందుకాపావు?"

"చాల్లే అన్నారండీ."

"చాలని ఎవరన్నారు? మస్తాన్ అన్నాడా? బ్యాటరీ మీద చెయ్యి వేసేది అతనా, ఆయనా?" రోడ్డు మధ్యలో నిలబడి అరుస్తున్నారు. లారీలు హారన్ కొడుతున్నాయి. "ఇంటికెళ్ళి నీ డైరీలో చినబాబుని బాగా తిడతావు. ఎవరికి వినపడుద్ది?"

నన్ను షాపుకు తీసుకెళ్ళలేదు. తిన్నగా మస్తాన్ ఇంటికి తీసుకెళ్ళారు. అతని రెండు చేతులకూ మోచేతుల దాకా గుడ్డలు చుట్టి ఉన్నాయి. భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. "చదువు" అన్నారు రాహేలమ్మ గారు. చీటీ లేదు, కానీ నాలుగు వాక్యాలూ నాకు కంఠతా వచ్చు. అన్నీ చెప్పాను.

"ఈ మాట ఆ రోజు చెబితే నీ సొమ్మేం పోయేదమ్మా?" అంది అతని భార్య, ముద్ద చేతిలోనే పట్టుకుని.

మస్తాన్ ఆమెను వారించాడు. "నాలుగోది మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు.

చెక్క చట్రం తీసి సందుల్లో దూది గానీ గుడ్డ గానీ కూరకూడదు.

అతను బడిపిల్లాడిలా పెదవులు కదుపుతూ ఆ వాక్యాన్ని నాతో పాటు పలికాడు. నేను జీవితంలో భరించలేనిది ఏదైనా ఉంటే అది అదే. కుడిచేతి వేళ్ళు అతనికి మళ్ళీ ముడుచుకోలేదు. చినబాబు వేరే కారు కొనుక్కున్నాడు. రాహేలమ్మ గారు ఆ తరువాత నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. పోయినేడాది ఆమె పోయారని తెలిసింది.

నిన్న బస్సులో లేచి నిలబడ్డాను. "డ్రైవరు గారూ, ఆ గుడ్డ తీసేయండి."

"ఏం కాదు, కూర్చోమ్మా."

"ఆసిడ్ పీలుస్తుంది. నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. చెక్కముక్క పెట్టి బిగించండి, గుడ్డ వద్దు."

"చాల్లేమ్మా, ఇరవై ఏళ్ళ సర్వీసు నాది! నువ్వా నాకు చెప్పేది?"

వెనక ఎవరో నవ్వారు. నా ఒళ్ళోని పుస్తకం ఎప్పుడో కింద పడిపోయింది. అదే మాట మళ్ళీ చెప్పాను, ఈసారి వెనక సీటు దాకా వినపడేలా. అతను గుడ్డ లాగి రోడ్డు మీదికి విసిరేదాకా కూర్చోలేదు.

ఎవరైనా చాల్లేమ్మా అంటే ఇప్పటికీ నా గొంతు వణుకుతుంది. వణుకుతూనే నాలుగో వాక్యం దాకా వెళ్తుంది.