చెవి గీయని పలక

మొన్న గురువారం కంభం నుంచి మార్కాపురం పోయే బస్సులో ఉన్నాను. ఊరు ఇంకో రెండు మైళ్లుందనగా వాన పట్టుకుంది. రోడ్డు పక్కన పలకరాయి గనుల్లోంచి తీసి పారబోసిన రాతి చెక్కల గుట్టలుంటాయి. ఎండకు కాగి ఉన్న ఆ చెక్కల మీద చినుకులు పడగానే ఒక వాసన లేచింది. చిన్నప్పుడు పలక తడిపి తుడిచిన వాళ్లందరికీ తెలిసిన వాసనే. నాకు మాత్రం బడి గుర్తు రాలేదు, ఆసుపత్రి గుర్తొచ్చింది. "ఓ యమ్మా, కిటికీ మూస్తావా లేదా? నానిపోతుండా ఈడ!" అని వెనక సీటాయన కసిరాడు. ఇంకో రోజైతే నేనూ నాలుగు మాటలు అంటించేదాన్నే. ఆ రోజు గబగబా అద్దం దించేశాను, ఆయన కోసం కాదు. నా ఒళ్లో తువ్వాలులో చుట్టిన పలక ఉంది. దాని మీద మా నాయన ముఖం ఉంది. ఒక చెవి లేదు. ఆ ముఖాన్ని తుడిచేసి, పలకను ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టడానికి పోతున్నాను. పెట్టగలనో లేదో నాకే నమ్మకం లేదు. ఆ పని ఎలా చేయాలో చేసి చూపించిన రుక్మిణమ్మత్త ఈ వేసవిలో పోయింది. ఆమెను మీరు చూడలేదు కాబట్టి చెప్పాలి.

నాయన సేద్యగాడు. మూత్రపిండాలు రెండూ చెడిపోయి, మంగళ, గురు, శనివారాలు మార్కాపురంలో డయాలసిస్ చేయించుకోవాల్సి వచ్చింది. అమ్మ అప్పటికే లేదు. తమ్ముడు పొలం చూసుకోవాలి. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకునే నేను ఉద్యోగం మానేసి, పిల్లల్ని మా అత్తగారికి అప్పజెప్పి నాయన వెంట తిరిగాను. ఇష్టంగా తిరిగానని అబద్ధం చెప్పను. లోపల నాయన నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉంటే, బయట హాలులో ఇనుప కుర్చీల్లో మేం పాతిక మందిమి కూర్చునేవాళ్లం. ఒకరితో ఒకరు మాట్లాడేవాళ్లం కాదు. మాట కలిపితే "మీకు ఎన్నేండ్లుగా?" అన్న ప్రశ్న వస్తుంది, దానికి వచ్చే జవాబు భయపెడుతుంది. అందుకని అందరం సెల్‌ఫోన్లలోకి తల దూర్చేవాళ్లం. నేనైతే గోడ మీది గడియారాన్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఒకరోజు ఎదురుగా కూర్చున్న ఒకావిడ నన్నే గుచ్చి గుచ్చి చూస్తోంది. అరవై దాటిన మనిషి, నేత చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు. ఒళ్లో చెక్క చట్రం పలక, చేతిలో బలపం. నన్ను చూడటం, పలక మీద గీయడం. నాకు మండింది. "ఏందమ్మా, నేనేమన్నా తిరునాళ్లలో బొమ్మనా, అట్ల చూస్తుండావు?" అన్నాను. ఆవిడ చలించలేదు. "బొమ్మవైతే బాగుండు, కదలకుండా ఉందువు. మొగం అంత ముడుచుకుంటే ఎట్లమ్మా? ముడతలన్నీ గీసేసరికి నా బలపం అరిగిపాయె" అని పలక తిప్పి చూపించింది. అయ్యో రామా! కళ్లు పెట్టిన గుమ్మడికాయ! నెలల తర్వాత మొదటిసారి నవ్వాను, పక్క కుర్చీల వాళ్లు తలెత్తి చూసేటంతగా. "నాకు గీసేది రాదులే. రాకపోతే ఏం? పలకే గదా, తుడిస్తే పోతది" అని తడిగుడ్డతో నా ముఖాన్ని ఒక్క తుడుపు తుడిచి, పలక నా చేతికిచ్చింది. "ఇప్పుడు నన్ను గియ్యి. కసి తీర్చుకో."

రుక్మిణమ్మది మార్కాపురంలో పలకలు, పుస్తకాలు అమ్మే దుకాణం. భర్త సెట్టిగారికి లోపల నాయన పక్క మంచమే. పిల్లలు పలకలు పట్టడం తగ్గిపోయి కట్టలు కట్టలు దుకాణంలో మూలపడి ఉన్నాయట, వాటినే సంచిలో వేసుకుని వచ్చేది. ఆమె నాయనను అన్నా అని పిలవడంతో నాకు అత్త అయింది. నెల తిరిగేసరికి హాలులో ఎవరి చేతిలో చూసినా పలకే. చెప్పులు గీసేవాళ్లు, టిఫిన్ క్యారియర్ గీసేవాళ్లు, ఎదుటి మనిషిని గీసేవాళ్లు. ముఖం గీయాలంటే ఆ ముఖాన్ని చూడాలి, చూశాక ఏదో ఒకటి మాట్లాడకుండా ఉండలేం. ఎవరి ఊరేదో, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో అట్లా తెలిసింది. ఒకరు మందుల కోసం పోతే ఇంకొకరు వాళ్ల మనిషిని కనిపెట్టుకుని ఉండటం కూడా అట్లానే మొదలైంది.

తర్వాత పలకలు లోపలికీ పోయాయి. సిస్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. "దుమ్ము లేస్తది, ఈడ కుదరదు" అంది. అత్త రెండు వారాలు ఆమె వెంటపడి, పలకలు బయటే కడిగి ఆరబెట్టి ఇచ్చేటట్టు, తుడిస్తే తడిగుడ్డతోనే తుడిచేటట్టు ఒప్పించింది. ఎడమచేతికి సూదులున్నా కుడిచేయి ఖాళీయే గదా! వరసగా మూడు మంచాలు. సెట్టిగారు మా నాయనను గీసేవారు. నాయన అటు పక్కనున్న మస్తాన్‌ను గీసేవాడు. మస్తాన్ దోర్నాల రోడ్డులో హోటల్లో టీ మాస్టరు. అతను మెడ సాచి సెట్టిగారిని గీసేవాడు. ఒకసారి నాయన గీత మధ్యలో ఉండగానే టైము అయిపోయింది, మంచం ఖాళీ చేయాలి. "అన్నా, నా ముక్కు ఏదన్నా?" అని మస్తాన్ లబలబలాడాడు. "ముక్కు శనివారం గీస్తాలే, తొందరేముంది" అన్నాడు నాయన. రుక్మిణమ్మత్త ఆ మాటను పట్టుకుంది. ఆ రోజు నుంచి ఎవరూ బొమ్మను పూర్తిచేయకూడదు, ఏదో ఒకటి వచ్చేసారికి మిగల్చాలి, గీసినవాళ్లే వచ్చి గీయాలి. పూర్తవుతుందనిపిస్తే మీసమో జుట్టో చెరిపి మళ్లీ మొదలుపెట్టడమే. పలకల చట్రం ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి పెట్టినా బొమ్మ చెదరదు. వాటన్నిటినీ ఆమే సంచిలో సర్దుకుని ఇంటికి మోసుకుపోయేది.

నాయనకు రోజుకు లెక్కపెట్టిన నీళ్లు. ఎండాకాలంలో ఇంట్లో ఆయన దాహం చూడలేక నేను బయటికి వెళ్లిపోయేదాన్ని. ఆసుపత్రిలో కడిగిన పలక ఇస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా పీల్చేవాడు. "తొలకరికి మన చేను ఇట్లనే వాసనొస్తది పాపా" అనేవాడు. అందుకే ఆ వాసన వస్తే నాకు బడి గుర్తు రాదు.

ఒక ఆదివారం పొద్దున సెట్టిగారు పోయారు. పెద్దదినం అయ్యేదాకా అత్త రాలేదు, పలకలూ రాలేదు. హాలు మళ్లీ పాతబడింది. ఇక ఆమెకు ఆసుపత్రితో పనేముంది అనుకున్నాం. మూడోవారం గురువారం, ఖాళీ నుదుటితో, అదే సంచితో వచ్చింది. సెట్టిగారి మంచంలో అప్పటికే ఒక కొత్తమనిషి ఉన్నాడు. అత్త సంచిలోంచి మస్తాన్ గీసిన సెట్టిగారి పలక తీసింది. కళ్లజోడు ఒక వైపే ఉంది. "నువ్వు గీసినావు, నువ్వే తుడువు మస్తానూ" అంది. "నా చేతులతో కాదక్కా" అని మస్తాన్ ముఖం తిప్పుకున్నాడు. ఆమె బయటికి వచ్చి కుళాయి దగ్గర తనే తుడిచింది. కళ్లజోడు, నుదురు, బుగ్గలు. తుడిచి, ఆరబెట్టి, ఆ కొత్తమనిషికి పంపించింది. నేను బిత్తరపోయాను. "దుకాణంలో కొత్తవి వంద ఉండాయి గదత్తా! ఇదే కావాల్సొచ్చిందా?" అన్నాను. "కొత్తదాని మీద బలపం జారుతది పద్మా. మనుషుల చేతులు పడిన పలక మీదనే గీత నిలుస్తది" అంది. ఎంత రాతిగుండె అనుకున్నాను ఆమెను. అదే నేను చేసిన తప్పు.

ఆ శనివారం ఇంట్లో నాయన మంచం దిగలేదు. "నా బొమ్మ గీసేటోడు పోయినాడు. ఈ చేతిని పొడిపించుకునింది చాలు. నన్ను వదిలెయ్యండి" అన్నాడు. తమ్ముడు కాళ్లు పట్టుకున్నాడు, నేను అరిచాను, ఏడ్చాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారానికి పాదాలు ఉబ్బాయి. సోమవారం పొద్దున బస్సు దిగి, వాళ్లనూ వీళ్లనూ ఇల్లు అడుగుతూ రుక్మిణమ్మత్త వచ్చింది. భర్త పోయి నెల తిరగని మనిషి ఒంటరిగా ఇంకో ఊరికి రావడమేంటని మా వీధివాళ్లు గుసగుసలాడారు. ఆమె నాయన మంచం పక్కనే కూర్చుని, పలక తీసి ఆయన కళ్లముందు పెట్టింది. నాయన గీసిన మస్తాన్. మళ్లీ ముక్కు లేదు.

"శనివారం నీ మంచం దిక్కే చూస్తా పడుకున్నాడన్నా. వేరేవాళ్లు గీస్తామంటే వద్దన్నాడు."

"నువ్వు గియ్యమ్మా ఆ ముక్కు."

"అదెట్ల? గీసినోళ్లే గీయాలనేది నువ్వు తెచ్చిపెట్టిందే గదా. మా ఆయన నీ చెవి గీయకుండానే పోయినాడు, ఆయనకు చేతగాలేదు. నీకు చేతనైతుంది గదన్నా. రేపు వచ్చి గీసి, ఆ తర్వాత నీ ఇష్టం."

నాయన పలక చేతిలోకి తీసుకుని చూశాడు. చివరికి "బస్సు ఎన్ని గంటలకు పాపా?" అని నన్ను అడిగాడు.

ఆమెను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వెళ్లినప్పుడు, ఎవరికీ చెప్పని మాట నా నోట్లోంచి వచ్చేసింది. నాయన రానన్నప్పుడు నా మనసులో ఒక మూల హమ్మయ్య అనిపించింది. ఇక ఆ బస్సులు, ఆ కుర్చీలు ఉండవు అనిపించింది. "నేను మనిషినేనా అత్తా?" అని ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. "ఆయన పోయిన పొద్దున నాకూ అట్లనే అనిపించింది. కాసేపే. తర్వాత లేచి టీ పెట్టినా. నాకొక గ్లాసు నిండా పోసుకున్నా. ఆయన గ్లాసులో పావు పోసినా, నీళ్లు ఎక్కువ తాగకూడదు గదా అని. పోసినాక తెలిసింది" అంది. అప్పుడు ఏడ్చింది ఆమె, రోడ్డు మీద, బస్సు వచ్చి ఆగినా. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. కుళాయి దగ్గర ఆ పలకను తుడిచిన చేతులు ఎట్లా ఉండి ఉంటాయో అప్పుడు అర్థమైంది.

మర్నాడు నాయన మస్తాన్‌కు ముక్కు గీశాడు. గీసి, మీసం చెరిపేసి, "మిగిలింది గురువారం" అన్నాడు. హాలంతా ఆ మాట చెప్పుకుంది. సెట్టిగారు మొదలుపెట్టిన నాయన పలకను అత్త నాకిచ్చింది. నాకు రాదన్నాను. "నాకు మాత్రం వచ్చునా? పోయి మీ నాయనను చూడు" అంది. మేం వెళ్లిన ప్రతిసారీ సిస్టరమ్మ నన్ను పది నిమిషాలు లోపల కూర్చోనిచ్చింది. అప్పుడు తెలిసింది, అన్ని నెలలు నేను నాయన బరువు చూశాను, కాళ్ల వాపు చూశాను, బీపీ చూశాను, ముఖం చూడలేదు. ఎడమ కనుబొమలో చిన్న గాటు ఉంది. "ఇదేంది నాయనా?" అంటే, నేను ఏడాది పిల్లగా ఉన్నప్పుడు చెంబుతో కొట్టానట. నవ్వాడు. చెవి మాత్రం ఎప్పుడూ గీయలేదు. గీస్తే ఏమవుతుందోనని భయం. ఆ తర్వాత నాయన రెండు వానాకాలాలు చూశాడు. రానన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

నాయన పోయాక పద్ధతి ప్రకారం ఆయన పలక ఆ మంచానికి వచ్చే కొత్తవాళ్లకు ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. దొంగలా కొంగులో దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అత్త చూసింది. "ఉంచుకో. ఇయ్యాలనిపించినప్పుడు ఇద్దువులే" అంది, అంతే. ఎన్నోసార్లు కలిసినా దాని ఊసెత్తలేదు. ఈ వేసవిలో ఆమె రెండు రోజుల జ్వరంతో పోయింది. గురువారానికి ముందురోజు, నేను చిన్నాయన అని పిలిచే మస్తాన్ ఫోన్ చేశాడు. "మీ నాయన మంచానికి మళ్లీ ఒక కొత్తాయన వచ్చినాడమ్మా. ఆయన కూతురు ఎవురితో పలకదు. అక్క ఉంటే ఏదో ఒకటి చేసేది" అన్నాడు. పలక సంగతి ఆయన అడగలేదు. నేనే తువ్వాలు వెతుక్కున్నాను.

హాలులో ఆ పిల్లను ఎవరూ చూపించకుండానే గుర్తుపట్టాను. గడియారాన్ని తిడుతూ కూర్చుంది. నేను కుళాయి దగ్గరికి వెళ్లి గుడ్డ తడిపాను. చాలాసేపు చేయి రాలేదు. ముందు చొక్కా తుడిచాను, తర్వాత గడ్డం, పెదాలు. కనుబొమ దగ్గర ఆగాను. గాటు నాకు గుర్తుంది కదా, కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది కదా అని నాకు నేను చెప్పుకుని అదీ తుడిచేశాను. పలకలోంచి ఆ వాసన లేచింది. నాయనలాగే ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను. బిగ్గరగా ఏడ్చాను కూడా, అక్కడ చెప్పులు కడుక్కుంటున్నామె కంగారుపడేటట్టు. తర్వాత ముఖం కడుక్కుని, పలక ఆరబెట్టుకుని వచ్చి ఆ పిల్ల ఎదురుగా కూర్చుని గీయడం మొదలుపెట్టాను.

"ఏందక్కా, అట్ల చూస్తుండావు?" అంది కోపంగా.

"మొగం ముడుచుకోవద్దు. బలపం అరిగిపోతది" అన్నాను.

నాకు ఇప్పటికీ గీయడం రాదు. చూడటం మాత్రం వచ్చింది, అదంతా రుక్మిణమ్మత్త పెట్టిన భిక్ష. పిల్ల పలక తిప్పి చూసుకుని మూతి బిగపట్టింది, కానీ నవ్వు ఆగలేదు. "ఇదేంది, నాకొక చెవే పెట్టినావు?" అంది. మూడున్నర బస్సుకు టైమైంది. నేను ఖాళీ తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. పలక ఆమె దగ్గరే ఉంచి లేచాను.

"మిగిలింది శనివారం గీస్తాలే" అన్నాను.