బంతిపూల దండ కోసం తీసేసిన లైను

నేను వేమగల్‌లోని ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ మిషన్లకు ప్రోగ్రాం రాస్తాను. ఎవరి చెయ్యైనా లోపలికి వెళ్తే సెన్సర్ పసిగట్టి ప్రెస్‌ను ఆపుతుంది. మొన్న ఆయుధపూజకు కట్టిన బంతిపూల దండ ఆ సెన్సర్‌కు అడ్డమొచ్చి మిషన్ కదల్లేదు. పూజకు ఒక్కసారైనా నడిపించాలని ప్రోగ్రాం ఫైలుకు వేరే బ్రాంచ్, అంటే విడి నకలు, తీసి అందులో సెన్సర్ లైను తొలగించాను.

పండుగయ్యాక అసలు బ్రాంచ్‌కు మారడం మరిచి, ఆ పూజ బ్రాంచ్‌లోనే ప్రెస్ వేగం సరిచేశాను. మిషన్‌లోకి ఎక్కించే ముందు రెండు బ్రాంచీల్లోని ఫైళ్లనూ పోల్చి చూడాలి. నిమిషం పని. నేను మార్చింది నాకు తెలియదా అనుకున్నాను.

ఆపరేటర్ మునెప్పన్నది ఆండర్సన్‌పేట. "ఏమప్పా, పూజనాడు మొండికేసిన మిషను ఇప్పుడు మాట వింటాదా? అంతా చూసినావా?" అని నవ్వాడు.

"చూసినానన్నా, నడుపు."

ఇరుక్కున్న రేకు తీయడానికి ఆయన ఎప్పటిలాగే చెయ్యి పెట్టాడు. ప్రెస్ ఆగలేదు. రెండు వేళ్లు పోయాయి.

ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాక ఫైళ్లు రెండూ పక్కపక్కన తెరిచాను. తీసేసిన సెన్సర్ లైను తేడాగా ఎర్ర రంగులో కనిపించింది.

సాయంత్రం ఆసుపత్రిలో మునెప్పన్న నాతో, "నువ్వు చూసినానంటివి కదప్పా. ఇంగ మిషన్‌లోనే ఏదో ఉండాది. వేరేవాళ్లను చెయ్యి పెట్టనీకు" అన్నాడు.

"మిషన్‌లో ఏమీ లేదన్నా. నేనే చూడలేదు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు పోల్చి చూడకుండా ఏదీ ఎక్కించను. అయినా ఆపరేటర్లు ముందుగా ఒక కట్టెపుల్ల లోపల పెట్టి, ప్రెస్ ఆగాకే పని మొదలుపెడతారు. నా ఎదుటే చేస్తారు. వద్దనే అర్హత నాకు లేదు.